చూశాకే లాగాలి

"రేపు కొట్టు తియ్యకక్కా," అన్నాడు తమ్ముడు కంచంలోంచి తలెత్తకుండా.

అక్క చేతిలో గరిటె అలాగే ఆగింది. వీధిలో అందరూ ఆమెను గుండీలక్క అంటారు. గుండీలు, దారాలు, జిప్పులు, ఎలాస్టిక్ అమ్ముతుంది. ఒక మూల మిషను వేసుకుని చిరిగినవీ బిగుతైనవీ సరిచేసి ఇస్తుంది. అమ్మానాన్నలు పోయేనాటికి తమ్ముడు ఆమె నడుము ఎత్తు కూడా లేడు. వాణ్ణి పెంచడంలోనే ఆమె వయసంతా దారపు ఉండలా తరిగిపోయింది. ఇప్పుడు వాడు సరుకుల వ్యాను నడుపుతున్నాడు. తలుపంత మనిషయ్యాడు గాని ఆమెకు మాత్రం ఇంకా చిన్నోడే.

"ఎందుకురా?"

"ఊరికే. గాలి బాగాలేదు."

"గాలి బాగాలేకపోతే కిటికీ మూసుకుంటారు గాని కొట్టు మూసుకుంటారా?"

మామూలుగా అయితే ఆ మాటకు వాడు నవ్వేవాడు. ఇప్పుడు నవ్వలేదు. "ఒంట్లో బాగాలేదని చెప్పు. ఒక్క రోజేగా. నా మాట వినవే."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరో."

"ఆ ఎవరోకి ఊరూ పేరూ ఉండవా?"

"కూర వెయ్యి," అన్నాడు వాడు. కంచంలో కూర ఉంది.

ఆమెకు మొన్న వాడు కొట్టుకొచ్చి ఎలాస్టిక్ పట్టుకెళ్ళిన సంగతి గుర్తొచ్చింది. సీటు కవర్లకన్నాడు. సీటు కవర్లకు బొటనవేలంత వెడల్పుది కావాలి. అది చూపిస్తే వద్దన్నాడు. చెవి వెనక తగిలించుకునేటంత సన్నది, చుట్ట మొత్తం, దానితోపాటు నల్లగుడ్డ. ఆమే కొలిచి, ఆమే కత్తిరించి ఇచ్చింది. కుర్రాడికి సరుకు తెలీదులే అనుకుంది అప్పుడు. ఇప్పుడు కంచం మీదకు వంగిన వాడి మెడ చూస్తుంటే, సరుకు తెలియనిది వాడికి కాదని అర్థమైంది.

ఆ వీధి సంగతి కొంత చెప్పుకోవాలి. వీధికి అటూ ఇటూ రెండు వరసల కొట్లు. పై వరస వెనక ఎగువపేట, కింది వరస వెనక దిగువపేట. ఇద్దరికీ ఎందుకు పడదో ఎవరికీ సరిగా తెలియదు. తాతలు నేతులు తాగారు మూతులు వాసన చూడండి అనేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. ఇక్కడ మాత్రం తాతలు తన్నుకున్నారని మనవలు పళ్ళు కొరుకుతారు. అయినా పొద్దున లేస్తే ఎగువవాళ్ళకు దిగువ వరసలో కళ్ళజోడు కావాలి, దిగువవాళ్ళకు ఎగువ వరసలో చెప్పులు కావాలి. అలా జరిగిపోతూ ఉండేది.

పోయినేడు ఒక మధ్యాహ్నం చెప్పుల తాత కొట్టు షట్టరు స్ప్రింగు తెగి, ఢామ్మని కిందపడింది. అంతే జరిగింది. పక్క కొట్టువాడు ఏమిటో చూడకుండా తనది లాగేశాడు. అది విని ఆ పక్కవాడు, అది విని ఎదుటివాడు. వాన ముందు ఈదురుగాలిలా ఆ మోత వీధి ఈ చివరనుంచి ఆ చివరకు పోయింది. మూసిన వీధిని మేడల మీదనుంచి చూసినవాళ్ళు ఎవరినో పొడిచేశారన్నారు. ఎవరిని అంటే ఎగువలో ఒక పేరు చెప్పారు, దిగువలో ఇంకో పేరు చెప్పారు. ఆ ఇద్దరూ అప్పుడు ఇళ్ళలో నిద్రపోతున్నారు. సాయంత్రానికి వీధిలో పొగ లేచింది.

దిగువ వరసలో కళ్ళజోళ్ళాయన తన షట్టరు లోపలినుంచి దించుకుని కూర్చున్నాడు, గొడవ సర్దుకున్నాక ఇంటికి పోదామని. లోపల మనిషున్నాడని తెలియదని బయట నిప్పు పెట్టినవాళ్ళు తరవాత చెప్పారు. తెలిసినా అదే చెప్పేవారు.

ఆయన భార్య నెల తిరక్కుండానే అదే కొట్టు కడిగించి, సున్నం వేయించి, మళ్ళీ తెరిచింది. ఇప్పుడు అందరికీ ఆమె కళ్ళజోళ్ళ పిన్ని. ఎంత సున్నం వేసినా కప్పు మూలన మసి మళ్ళీ మళ్ళీ పైకి తేలుతుంది. కాలిన మిగతా కొట్లు, ఎగువవీ దిగువవీ కూడా, ఒక్కడే కొనేశాడు. కొన్నవాడు ఎప్పుడూ కనబడలేదు. వేళ్ళనిండా ఉంగరాలున్న ఒక మనిషి వచ్చి బేరాలాడి పోయేవాడు. పిన్ని దగ్గరకూ వచ్చాడు. "ఆయన ఇందులోనే పోయారు, నేనెక్కడికి పోతాను నాయనా," అందామె. ఉంగరాలాయన కప్పు మూల మసికేసి చూసి, "మళ్ళీ వస్తా," అని వెళ్ళాడు.

ఆ తరవాతే జిరాక్సు మేడం అందరినీ కూర్చోబెట్టింది. ఆమెది ఎగువా కాదు, దిగువా కాదు, ఎక్కడో వేరే ఊరు. అందుకే ఇద్దరినీ సమానంగా తిట్టగలదు. శాంతి సంఘమని పేరు పెడదామని ఎవరో అన్నారు. "పేరు పెడితే బోర్డు కావాలి, బోర్డు పెడితే అధ్యక్షుడు కావాలి, అధ్యక్షుడెవరని మళ్ళీ తన్నుకుంటాం. ఏం వద్దు, కూర్చోండి," అంది మేడం. పేరు లేదు గాని రెండు కట్టుబాట్లు పెట్టుకున్నారు. ఏ చప్పుడు విన్నా ఎగువ ఒకరూ దిగువ ఒకరూ కలిసి నడిచి వెళ్ళి చూసి రావాలి, వాళ్ళొచ్చి చెప్పేదాకా ఎవరూ షట్టరు మీద చెయ్యి వెయ్యకూడదు. ఒక్కరు చూస్తే అది కథ, ఇద్దరు చూస్తేనే కబురు. ఇక రెండోది, ఇంట్లో విన్న చెడ్డమాట ఏదైనా వీధిలో తన జంటకు చెప్పెయ్యాలి, దాచకూడదు.

ఎగువ వరస గుండీలక్కకు జంట దిగువ వరస కళ్ళజోళ్ళ పిన్ని.

మర్నాడు పొద్దున తమ్ముడు అక్కకన్నా ముందే లేచి వ్యాను తీసుకుని వెళ్ళిపోయాడు. ఆమె తాళంచెవి చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడింది. చెబితే చిన్నోడు ఏమవుతాడు? వీడే బయటపెట్టాడని వాళ్ళకు తెలిస్తే బతకనిస్తారా? చెప్పకపోతే పిన్ని మామూలుగా కొట్టు తీసి, బల్ల వెనక కూర్చుని అద్దాలు తుడుచుకుంటూ ఉంటుంది, ఆ మసి మూల కింద. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదేనేమో అనుకుంది. తీరా చూస్తే అప్పటికే ఆమె కాళ్ళు వీధి వైపు నడుస్తున్నాయి.

వీధిలో సగం కొట్లు తెరవలేదు. తెరిచినవాళ్ళు కూడా షట్టరు సగం ఎత్తి, దాని కింద వంగి నిలబడి చూస్తున్నారు. ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు. పిన్ని మాత్రం షట్టరు పూర్తిగా ఎత్తి గుమ్మం తుడుస్తోంది.

"పిన్నీ," అంది గుండీలక్క. "ఇవాళ కొట్టు తియ్యొద్దని చెప్పారు నాకు."

పిన్ని గుడ్డ పిండుతూ ఆగింది. "ఎవరు చెప్పారమ్మా?"

గుండీలక్క చీపురు పుల్లొకటి కాలితో అటూ ఇటూ జరిపింది. ఆఖరికి, "మా చిన్నోడు," అంది. "సన్న ఎలాస్టిక్కు, నల్లగుడ్డ నా కొట్లోనే తీసుకెళ్ళాడు పిన్నీ. నేనే కోసిచ్చాను."

పిన్ని చేతిలోని తడిగుడ్డలోంచి నీళ్ళు చెప్పుల మీద కారుతున్నాయి.

"మావాడూ అదే చెప్పాడు రాత్రి," అంది పిన్ని. "రేపు కొట్టు తియ్యకమ్మా అని. ఎగువవాళ్ళు వస్తారంట, మనం సందులో కాచుకుని ఉండాలంట. నీకు చెబుదామా వద్దా అని నేనూ తెల్లార్లూ దొర్లాను. కొడుకు కదమ్మా."

"మావాడు దిగువవాళ్ళు వస్తారనుకుంటున్నాడేమో."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకే మాట రెండు పేటల్లోకీ వెళ్ళింది. తీసుకెళ్ళిన నోరు ఒక్కటే అయ్యుండాలి.

జిరాక్సు మేడం కొట్లో అందరూ గుమిగూడాక తేలిందేమిటంటే, ఎవరి కొడుకో, మరిదో, అల్లుడో దాదాపు ప్రతి ఇంట్లోనూ ఆ ముక్క చెప్పాడు. ఎవరి నిప్పు వాళ్ళు కొంగున ముడేసుకుని వచ్చి కూర్చున్నారు.

"అంటే ఇవాళ వీధి ఖాళీగా ఉండాలని ఎవరికో ఉంది," అంది మేడం. "ఖాళీ వీధిలో ఎవరు తగలబెట్టారో చెప్పేవాడుండడు. ఎగువవాళ్ళు దిగువవాళ్ళనంటారు, దిగువవాళ్ళు ఎగువవాళ్ళనంటారు. కాలిన కొట్టు ఎంతకిస్తావని మళ్ళీ ఉంగరాలాయన వస్తాడు."

"పోలీసులకు చెప్పొద్దా?" అన్నాడు తాళాల కొట్టాయన.

"చెప్పాను. జరిగాక ఫోన్ చెయ్యమన్నారు."

చెప్పుల తాత నవ్వబోయి దగ్గాడు. "అయితే ఏం చేద్దామంటావు?"

"అన్నీ తీద్దాం. తీసి, కొట్లు మార్చుకుని కూర్చుందాం. ఎగువవాళ్ళు దిగువ కొట్లలో, దిగువవాళ్ళు ఎగువ కొట్లలో. ఎవడు ఎవడి కొట్టు మీదకొచ్చినా లోపల వాడి అమ్మో అక్కో కనబడాలి."

"కనబడినా ఆగకపోతే?" అన్నారెవరో వెనకనుంచి.

పిన్ని లేచి తన తాళంచెవి గుండీలక్క చేతిలో పెట్టింది. "లావు అద్దాలు కింది సొరుగులో ఉంటాయి," అంది.

అలా ఆ పూట వీధి తలకిందులైంది. చెప్పుల తాత తాళాల కొట్లో కూర్చున్నాడు. "కాళ్ళ జోళ్ళు అమ్మేవాణ్ణి, ఇవాళ తాళాలు కాస్తున్నాను. రేపు జిరాక్సు తీయిస్తారేమో," అని సణిగాడు. పిన్ని గుండీల కొట్లో కూర్చుని, చొక్కా గుండీ అడిగిన ఒకావిడకు కోటు గుండీ అంటగట్టింది. పిన్ని కొడుకు సందులోంచి తొంగిచూశాడు. నాన్న కుర్చీలో గుండీలక్క, ఎదుటి వరసలో అమ్మ. బిత్తరపోయి వీధి దాటి వెళ్ళి, "అమ్మా, లే, ఇంటికి పద," అన్నాడు.

"ముందు ఆ లేసు చుట్ట పట్టుకో, చిక్కుపడింది," అంది పిన్ని. ఆ చుట్ట పట్టుకున్నవాడు మరి కదలలేదు. సందులో వాడితోపాటు కాచుకున్నవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చూసి, తమవాళ్ళు కనబడ్డ కొట్ల ముందు ఏం చెయ్యాలో తోచక నిలబడ్డారు.

గుండీలక్క కుర్చీ వెనక గోడనిండా కళ్ళజోళ్ళు వేలాడుతున్నాయి. వీధిలో ఎవరు నడిచినా ప్రతి అద్దంలోనూ చిన్నగా కదులుతారు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి వీధి చివర ఒక వ్యాను వచ్చి ఆగడం ఆమె ముందుగా అద్దాల్లోనే చూసింది. తల తిప్పింది. నంబరు పలక మీద నల్లగుడ్డ కట్టి ఉంది. ఆ గుడ్డ అంచు ఆమెకు తెలుసు. పొడుగు కత్తెరతో వంకర పోకుండా తను కోసిన అంచు.

వ్యాను ఇంజను ఆపలేదు. వెనక తలుపులు కొద్దిగా తెరుచుకున్నాయి గాని ఎవరూ దిగలేదు. వాళ్ళు దేనికోసమో చూస్తున్నారు. మూసి ఉండాల్సిన వీధి తెరిచి ఉంది.

సరిగ్గా అప్పుడు తాళాల కొట్టు షట్టరు ఢామ్మని పడింది.

దాని కొక్కెం వదులు. దానికి పురికొస కట్టాలి. ఆ సంగతి తాళాల కొట్టాయన ఒక్కడికే తెలుసు, కొట్లు మార్చుకునేటప్పుడు చెప్పడం మరిచిపోయాడు. తాత పాపం నడుం నొప్పికి కొక్కెమున్న స్తంభానికి ఆనుకున్నాడు, అంతే. కాని వీధికి అదంతా ఏం తెలుసు? వీధికి తెలిసింది ఆ చప్పుడొక్కటే. పోయినేటి చప్పుడు. అన్ని గుమ్మాల్లోనూ చేతులు పైకి లేచాయి. ఎగువ దిగువ తేడా లేకుండా షట్టరు కడ్డీలు పట్టుకున్నాయి. ఎక్కడో ఒకటి కిర్రుమంది. వ్యాను వెనక తలుపులు పూర్తిగా తెరుచుకున్నాయి.

గుండీలక్క చెయ్యి కూడా లేచింది. ఇనుము చల్లగా తగిలింది. లాగితే చాలు, ఏదీ చూడక్కర్లేదు, వ్యానులో ఎవరున్నారో తెలియక్కర్లేదు. కళ్ళజోళ్ళాయన కూడా ఇక్కడే, ఈ కడ్డీనే పట్టుకుని ఉంటాడు.

ఆమె చెయ్యి దించి మెట్టు దిగింది. ఎదుటి వరసలో పిన్ని అప్పటికే దిగి ఉంది.

"చూసొస్తాం," అంది పిన్ని వీధికంతా వినబడేలా. "చూశాకే లాగాలి."

ఇద్దరూ పక్కపక్కన నడిచారు. దారిలో తాళాల షట్టరు వెనకనుంచి తాత గొంతు వినబడింది. "నేనేనమ్మా, పడింది పాడు షట్టరే. పైకెత్తండర్రా ఎవరైనా." ఎవరో నవ్వారు, నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. వాళ్ళు నడుస్తూనే ఉన్నారు. పిన్ని చెయ్యి వచ్చి గుండీలక్క మోచేతిని పట్టుకుంది.

వ్యాను అద్దం దించి ఉంది. డ్రైవరు మొహానికి నల్లగుడ్డ. చెవి వెనక సన్నటి ఎలాస్టిక్ చర్మంలోకి దిగి ఎర్రగా గీత పడింది. పైన కనబడేవి కళ్ళు మాత్రమే. అమ్మ పోయిన రోజున చాపమీద కూర్చుని ఆమెకేసి చూసిన కళ్ళే అవి. పక్క సీట్లో మనిషి మొహం దాచుకున్నాడు గాని చేతులు దాచుకోలేదు. వేళ్ళనిండా ఉంగరాలు. వెనకనుంచి పెట్రోలు వాసన వేస్తోంది.

పేరు పెట్టి పిలిస్తే వాడి ప్రాణం మీదకొస్తుంది. ఆమె కిటికీ మీద చెయ్యి వేసి, కొట్లో కొన్నవాళ్ళను అడిగినట్టే అడిగింది.

"ఎలాస్టిక్ సరిపోయిందా?"

డ్రైవరు కళ్ళు ఆర్పలేదు.

"కొట్లెందుకు తీశారు? మేమొస్తామని మీకెవరు చెప్పారు?" అన్నాడు ఉంగరాలాయన.

"చెప్పడానికేముంది నాయనా," అంది పిన్ని. "రోజూ తీసే కొట్లే, రోజులాగే తీశాం. నువ్వు మళ్ళీ వస్తానన్నావు కదా, వచ్చావు. ఈవిడిప్పుడు నా కొట్లో కూర్చుంటోంది. నేను ఈవిడ కొట్లో కూర్చుంటున్నా. ఏది తగలబెట్టాలో బాగా చూసుకుని తగలబెట్టించు."

వెనకనున్న కుర్రాళ్ళలో ఒకడు వీధి వైపు చూస్తూ, "అదిగో మా అమ్మ," అన్నాడు గొంతు తగ్గించి. "ఆ దిగువ కొట్లో మా అమ్మెందుకుందిరా?"

"దిగండి," అన్నాడు ఉంగరాలాయన.

ఎవరూ దిగలేదు. డ్రైవరు చెయ్యి గేరు మీద పడింది. వ్యాను ఒక్కసారి కుదుపుతో వెనక్కి కదిలింది. తెరిచిన తలుపులు కొట్టుకుంటుండగా మలుపు దాకా వెనక్కే పోయి మాయమైంది. గుండీలక్క చెయ్యి కాసేపు గాలిలోనే ఉండిపోయింది.

ఇద్దరూ వెనక్కి తిరిగి, పెట్టుకున్న కట్టుబాటు ప్రకారం ఒకేసారి చెప్పారు. "వ్యాను. వెళ్ళిపోయింది."

కడ్డీల మీద చేతులు ఒక్కొక్కటే దిగాయి. మేడం కొట్లో జిరాక్సు మిషను మళ్ళీ గుర్రుమంది.

సాయంత్రం ఇంటి ముందు వ్యాను లేదు. ఆమె అన్నం వండి, రెండు కంచాలు పెట్టి, ఒకటి మళ్ళీ తీసేసింది. చీకటి పడుతుంటే ఫోను మోగింది. తెలియని నంబరు.

"అక్కా, నేను ఊళ్ళో లేను. వ్యాను ఎక్కడో వదిలేశాను. ఎవరడిగినా నీకు తెలీదని చెప్పు. నిజంగానే నీకు తెలీదు కదా."

"ఎప్పుడొస్తావురా?"

జవాబుగా బస్సు హారను వినిపించింది. తరవాత, "నిన్ను తియ్యొద్దన్నానా లేదా?" అన్నాడు. ఆ గొంతులో కోపముందో ఏడుపుందో ఆమెకు తెలియలేదు.

"తిన్నావా?" అంది. ఫోను అప్పటికే కట్టయింది.

మర్నాడు ఎవరి కొట్లో వాళ్ళే కూర్చున్నారు. ఎండ ఇంకా గడప దాటి రాకముందే ఉంగరాలాయన గుండీల కొట్టు ముందు నిలబడ్డాడు. ఇవాళ మొహానికి గుడ్డ లేదు. మొహం చాలా మామూలుగా ఉంది. ఏ బస్సులోనైనా పక్క సీట్లో కూర్చునే మొహం.

"ఎలాస్టిక్ ఒక మీటరు," అన్నాడు. "సన్నది."

"అయిపోయింది."

"ఎవరు పట్టుకెళ్ళారు?"

ఆమె సూదిలో దారం ఎక్కించబోయింది. అది ఎక్కలేదు.

"నీ తమ్ముడెక్కడ?" అన్నాడు అతను అదే గొంతుతో, మీటరెంత అని అడిగినట్టు.

"తెలీదు."

"తెలుస్తుందిలే. నీకు తెలియకపోతే నాకు తెలుస్తుంది."

గుమ్మంలో నీడ పడింది. పిన్ని చేతిలో అద్దాలు తుడిచే గుడ్డతోనే వచ్చి నిలబడింది. ఆమె వెనక ఆమె కొడుకు. అతని వెనక వీధిలో తాళాలాయన, చెప్పుల తాత, జిరాక్సు మేడం, ఇంకా ఎవరెవరో, ఒక్కొక్కరే కొట్టు దిగి వచ్చి నిలబడుతున్నారు. ఎవరూ షట్టరు ముట్టుకోలేదు. ఉంగరాలాయన వాళ్ళందరినీ ఒక్కొక్కరినే చూశాడు, తరవాత గుర్తుపట్టడానికన్నట్టు, తీరిగ్గా.

"మళ్ళీ వస్తా," అన్నాడు గుండీలక్కతో.

సూది బల్ల మీద పెట్టి ఆమె తలెత్తింది. తమ్ముడెక్కడున్నాడో ఆమెకు తెలియదు. ఈ మనిషి ఎప్పుడొస్తాడో తెలియదు. ఏ రోజు ఏ చప్పుడవుతుందో తెలియదు.

"రండి," అంది. "తీసే ఉంటుంది."